వసంతకాలమున కొండయాత్ర: తగిన సమయమును నిర్ణయించుట

కొండల నెక్కవలెనను కోరిక బాలబాలికలకు సహజమైనది. అది మంచి కోరికయే. తరగతిగదిలో పటముమీద గోధుమరంగుతో చూపబడిన తూర్పుకనుమలు కాళ్లకు తగిలినప్పుడుగాని నిజముగా బోధపడవు. సెలయేరు ఎచ్చట పుట్టుచున్నదో, రాయి ఎట్లు పొరలుగా విచ్చుచున్నదో, క్రింద పెరుగు చెట్టు మీద ఏల పెరుగదో ఒక్కదినము ఎక్కి చూచిన విద్యార్థి ఎన్నడును మరువడు. కావుననే మంచి పాఠశాలలు సంవత్సరమున కొకసారియైనను పిల్లలను ఆరుబయటికి కొనిపోవుచున్నవి.

అయితే ఎక్కడికి పోవలెనని మనము పదిమారులు ఆలోచింతుము. ఎప్పుడు పోవలెనని ఒక్కమారైనను ఆలోచించుట అరుదు. ఎప్పుడను ప్రశ్నకు సాధారణముగా వచ్చు జవాబు "పరీక్షలు కానిండు" అనునదియే. పరీక్షలు ముగియునప్పటికి ఏప్రిలు వచ్చును. మరికొందరు గుడ్ ఫ్రైడే, ఈస్టరు సెలవులలో పోవుదమందురు. ఈస్టరు పండుగ మార్చి 22 మొదలు ఏప్రిలు 25 వరకు గల ఆదివారములలో ఏదియో ఒకదానియందు వచ్చును. సెలవులకు అనుకూలమైన ఈ దినములు మన ప్రాంతపు కొండలకు చాలవరకు అనుకూలమైనవి కావు.

ఇచ్చట నేను చెప్పదలచిన దొక్కటే. కొండకు పోవు దినమును మన సెలవులచేత నిర్ణయింపరాదు. కొండ స్థితినిబట్టి నిర్ణయింపవలెను. వసంతములో కొండ మనలను పిలుచు దినములు కొన్ని కలవు, రావలదని చెప్పు దినములు కొన్ని కలవు. ఆ భాషను నేర్చుకొనుట కష్టమైన పని కాదు.

రెండు విధములైన వసంతములు

వసంతమనగానే అన్ని కొండలకును ఒకటే కాలమని తలచుట మొదటి పొరపాటు. హిమాలయముల వసంతము వేరు, మన తూర్పుకనుమల వసంతము వేరు.

హిమాలయములలో వసంతము ఆలస్యముగా వచ్చును. అచ్చట ప్రయాణికుని శత్రువు మంచు. గఢ్వాలు, కుమాయూను ప్రాంతముల దిగువకొండలమీద మార్చి, ఏప్రిలు మాసములలో బురాంశు చెట్లు ఎఱ్ఱని పూలతో నిండియుండును; అప్పుడు ఆ బాటలలో నడచుట హాయి. కాని పైనున్న కనుమలు మే మాసమువరకు, కొన్ని జూనువరకు మంచుచే మూయబడియుండును. మఱియు ఎత్తుపోయినకొలది మంచి దినములు మరింత ఆలస్యమగును. దీనికి ఎవరెస్టు శిఖరమే తార్కాణము. 8848 మీటర్ల ఎత్తుగల ఆ శిఖరమును టెన్సింగు, హిల్లరీలు మొట్టమొదట చేరినది 1953 మే 29. భారతీయ స్త్రీలలో మొదటగా బచేంద్రీ పాలు చేరినది 1984 మే 23. మన తెలుగు పిల్లలు, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ చేరినది 2014 మే 25. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు ఇంకను నిండలేదు.

ఈ మూడు తేదీలను చూడుడు. అరువదియొక్క సంవత్సరముల వ్యవధిలో జరిగిన మూడు ఆరోహణములు మే 23, 25, 29 తేదీలకు చెందియున్నవి. ఇది కాకతాళీయము కాదు. చలికాలమంతయు, వసంతపు మొదటి భాగమునను ఆ శిఖరముమీద మిక్కిలి ఎత్తున వీచు ప్రచండవాయువులు కొట్టుచుండును. మే మాసము నడిమికి ఆ గాలులు ఉత్తరమునకు తొలగును. జూనులో వర్షకాలపు మేఘములు వచ్చి మంచు కురిపింప నారంభించును. ఈ రెంటి నడుమ కొలదిదినములు మాత్రమే తలుపు తెరవబడియుండును. పూర్ణయు ఆనంద్‌కుమారును భువనగిరి బండమీద ఎక్కుట నేర్చి, మంచుకొండలలో శిక్షణపొంది, ఆ తలుపు తెరచుకొను సమయమున అచ్చట సిద్ధముగా నుండిరి. బలము, ధైర్యము ఎంతయున్నను, కాలము కాని కాలమున వారును ఆ శిఖరమును చేరియుండజాలరు.

మన కొండలలో దీనికి తలక్రిందుగా జరుగును. అచ్చట శత్రువు మంచు. ఇచ్చట శత్రువులు ఎండ, దప్పి, నిప్పు. అచ్చట తలుపు ఆలస్యముగా తెరచుకొనును. ఇచ్చట తలుపు త్వరగా మూసికొనును. హిమాలయ యాత్రికుడు మంచు కరగువరకు వేచియుండవలెను. మనము నీరు ఇంకక ముందే పోయి రావలెను.

పంచాంగమున వసంతము, కొండమీద వసంతము

చైత్ర వైశాఖములు వసంత ఋతువని మనము చిన్ననాటనే వల్లించియున్నాము. ఉగాది మార్చి నడుమనుండి ఏప్రిలు నడుమవరకు ఎప్పుడైనను రావచ్చును. కావున పంచాంగపు వసంతములో సగమునకుపైగా మన దేశమున మండువేసవియే. అయినను మన పెద్దలు మాఘ శుద్ధ పంచమిని వసంతపంచమి యనిరి. పూత, చిగురు, పక్షికూత అప్పుడే తలసూపుచుండుటను వారు గమనించియే యుందురు. కొండకు పోవువాడు నమ్మదగిన వసంతము ఇదియే: మాఘమున మొదలై, చైత్రము రాకమునుపే ముగియు వసంతము.

కాని చాంద్రమాన తిథులు ఏటేట జరుగుచుండును. అధికమాసము వచ్చిన పిమ్మట అవి ఇంచుమించు ఒక నెల వెనుకకు పోవును. కొండ ఎండుట సూర్యునిబట్టియేగాని తిథినిబట్టి కాదు. కావున తిథితోపాటు ఇంగ్లీషు తేదీనికూడ చూచుకొనవలెను; రెంటికిని మించి, కొండనే చూచుకొనవలెను. కొండ స్థితిని తెలుపు సాక్షులు అయిదు కలవు: నీరు, ఆకు, పువ్వు, ఎండ, మేఘము.

మొదటి సాక్షి: నీరు

వర్షకాలమున కురిసిన నీటిలో కొంత బండల పగుళ్లలోను మట్టిలోను దాగియుండి, ఊటలరూపమున నెమ్మదిగా వెలువడుచుండును. కార్తిక మార్గశిరములలో గలగల పారిన సెలయేరు మాఘమునకు సన్నని ధారయగును. ఫాల్గుణమునకు మడుగులుగా విడిపోవును. చైత్రమునకు అనేకస్థలములలో ఇసుకయే మిగులును. పారు నీటికిని నిలిచిన నీటికిని గల భేదమును పిల్లలు బాగుగా గుర్తుంచుకొనవలెను. నిలిచిన మడుగునొద్ద పశువులు, అడవిమృగములు అన్నియు చేరును. ఆ నీరు చూపునకు తేటగానున్నను కాచి వడపోయక త్రాగరాదు.

కొండయెక్కు విద్యార్థికి ఎండలో గంటకు అరలీటరునుండి లీటరువరకు నీరు కావలెను. ఆరుగంటల నడకకు మూడు లీటర్లయినను లేనిదే బయలుదేరకూడదు. లీటరు నీరు కిలో బరువు. పన్నెండేండ్ల బాలుడు మూడు కిలోల నీటిని వీపున మోసికొని ఎక్కుట సులభము కాదు. దారిలో ఊట పారుచున్నయెడల కాచి నింపుకొనుటకు వీలుండును, బరువు తగ్గును. ఊట ఎండిన పిమ్మట ఆ బరువు తప్పదు. అందుచేతనే ఊట పారుచుండగనే పోవలెనని చెప్పుచున్నాను.

రెండవ సాక్షి: ఆకు

మన కొండలమీది అడవులు చాలవరకు ఆకురాల్చు అడవులు. నీటిని పొదుపు చేసికొనుటకై టేకు, మద్ది మొదలగు చెట్లు శిశిరాంతమున ఆకులను విడుచును. మొదట నీడ పలుచనగును. తరువాత నీడ పోవును. రాలిన ఆకు మోకాలిలోతువరకు పల్లములలో చేరి, అడుగువేసినప్పుడు పెటపెటలాడును. చెట్టున సగము ఆకు నిలిచియున్నంతకాలము యాత్రకు భయములేదు. ఆకంతయు నేలకు దిగి, గడ్డి గోధుమరంగు తిరిగినప్పుడు కొండ యంతయు ఒక పెద్ద చితుకులమోపు వంటిదని యెరుగవలెను.

ఈ మాట అతిశయోక్తి కాదు. 2018 మార్చి 11వ తేదీన, తమిళనాడులోని తేని జిల్లాలో కురంగణి కొండలనుండి దిగుచున్న యాత్రికులను ఎండుగడ్డిలో చెలరేగిన కార్చిచ్చు చుట్టుముట్టినది. ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పలువురు యువతులు, విద్యావంతులు, సెలవుదినమున కొండగాలికై వచ్చినవారు. ఆ దినము ఆదివారము. వారు ఎన్నుకొన్న స్థలము మిక్కిలి అందమైనది. కాని ఎన్నుకొన్న కాలము గడ్డి ఎండిన కాలము. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును ఈ సంగతిని మరువరాదు.

నిప్పు ఎట్లు పుట్టును? అడవిలో తనంత తాను పుట్టుట అరుదు. ఆర్పక పారవేసిన చుట్టపీక, ఇప్పపూలు ఏరుటకై చెట్టుక్రింది ఆకులకు పెట్టిన మంట, క్రొత్తగడ్డి మొలచునని పశువులకాపరులు పెట్టిన మంట, పోడు నరికిన నేలను కాల్చుట, తేనెపట్టుకు పెట్టిన పొగ, ఇవియే ముఖ్యకారణములు. మంట సమతలమున నెమ్మదిగా ప్రాకవచ్చును. ఎక్కుడునేలమీద మాత్రము పరుగెత్తును. ఏలయనగా మంట పైకి లేచునప్పుడు దాని పైభాగముననున్న గడ్డి ముందుగనే వేడెక్కి ఎండిపోవును. ఏటవాలు పది డిగ్రీలు పెరిగినకొలది మంటవేగము ఇంచుమించు రెండింతలగునని ఈ విషయమును పరిశీలించినవారు చెప్పుచున్నారు. కావున నిప్పు క్రిందనుండగా కొండమీదికి పరుగెత్తుట ప్రాణాపాయము. మంటకు ప్రక్కగా తొలగి, ఉత్త బండనుగాని, ఏటి ఇసుకనుగాని, ముందే కాలి చల్లారిన నేలనుగాని చేరవలెను. ఇది ప్రతి విద్యార్థియు కంఠస్థము చేయవలసిన పాఠము. అయినను ఈ పాఠమును ఉపయోగింపవలసిన అవసరమే రాకుండ, ఆకు పచ్చగా నుండగనే పోయి వచ్చుట వివేకము.

మూడవ సాక్షి: పువ్వు

పువ్వులు కొండయొక్క గడియారము. బూరుగు ఎఱ్ఱగా పూచి చిలుకలను, మైనాలను చేర్చుకొనుచున్నదన్నచో కాలము మంచిది. మోదుగ ఆకులేక నిప్పుకణములవంటి పూలతో నిలిచియున్నదన్నచో, కొండగోగు ఎండుకొమ్మలమీద పచ్చని పెద్దపూలు విప్పినదన్నచో, సమయము నడిమికి వచ్చినదని యర్థము, త్వరపడవలెను. ఇప్పపువ్వు రాలుచున్నదన్నచో పొడికొండలకు తలుపు మూసికొనుచున్నది. రేల చెట్టు బంగారు గుత్తులు వ్రేలాడదీసినదన్నచో మూసికొని చాలదినములైనది. ఆ అందమును ఊరిబాటనుండి చూచి సంతోషింపవలెను.

ఇప్పపువ్వునుగూర్చి మరియొక మాట. అది రాత్రివేళను, తెల్లవారుజామునను రాలును. దాని తీపికి ఎలుగుబంటి ఆశించి వచ్చును. పూలు ఏరుకొనువారును ఆ వేళనే పోవుదురు. ఇరువురును మసకచీకటిలో ఎదురుపడుటచేతనే ప్రమాదములు జరుగుచున్నవి. ఎలుగునకు చూపు మందము. మనుష్యుడు దాపునకు వచ్చువరకు కానక, బెదరి మీదపడును. కావున ఇప్పచెట్లున్న దారిని బాగుగా వెలుతురు వచ్చిన పిమ్మటనే, గుంపుగా, మాటలాడుకొనుచు దాటవలెను. కొండచరియలకు వ్రేలాడు పెద్ద తేనెపట్టులకును ఇదే ఋతువు. వాటి క్రింద పొగ పెట్టరాదు, రాళ్లు రువ్వరాదు.

నాలుగవ సాక్షి: ఎండ

"కొండమీద చల్లగా నుండును గదా" యని పలువు రందురు. ఎంత చల్లన? లెక్క చూతము. వెయ్యి మీటర్లు ఎక్కినచో గాలివేడిమి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గును. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. దాని సమీపమునగల హార్సిలీకొండ ఎత్తు 1,260 మీటర్లకు కొంచెము పైమాట. భేదము సుమారు 560 మీటర్లు. అనగా తగ్గు వేడిమి మూడున్నర డిగ్రీలు మాత్రమే. క్రింద 38 డిగ్రీలున్న దినమున మీద 34 డిగ్రీలకు పైగనే యుండును. అదికూడ నీడలో. నీడలేని బండమీద నడచువానికి మీదనుండి సూర్యుడు, క్రిందనుండి బండ, రెండువైపుల వేడి తగులును. ఎక్కుట శ్రమతో కూడినపని గనుక దేహము తనలో తానును వేడిమిని పుట్టించుచుండును.

చెమట ఆరుటచేత దేహము చల్లబడును. చెమటతో నీరును, ఉప్పును పోవును. ఈ నష్టము తీరనిచో మొదట తలనొప్పి, కండరములు పట్టుట, వాంతి కలుగును. తుదకు మాట తడబడి, స్పృహ తప్పును. అట్టివానిని తక్షణమే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డలతో తుడిచి, విసరి, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ముందుజాగ్రత్తకు లీటరు శుద్ధమైన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలిపి వెంట నుంచుకొనవలెను. చెంచాలు తలకొట్టినట్లు సమముగా నుండవలెను; ఉప్పు ఎక్కువైనచో మేలునకు బదులు కీడు కలుగును.

ఫిబ్రవరి మాసమున ఈ భయము చాల తక్కువ. ఉదయము చలి, మధ్యాహ్నము ఓర్చదగిన ఎండ. మార్చి రెండవ సగమున మన పాఠశాలలకు ఒంటిపూట బడులు పెట్టుచున్నారు. బడిలో పిల్లలను మధ్యాహ్నమువరకు కూర్చుండబెట్టుటకే వెనుకాడు కాలమున, వారిని బండలమీద ఎక్కించుట తగునా?

అయిదవ సాక్షి: మేఘము

మాఘ ఫాల్గుణములలో ఆకాశము సాధారణముగా నిర్మలము. చైత్రమునుండి మధ్యాహ్నపు వేడికి నేలనుండి లేచిన తేమగాలి కొండలకు తగిలి పైకెక్కి, నాలుగుగంటల ప్రాంతమున నల్లని మేఘమై, పిడుగులతో కురియును. ఈ జల్లులు మామిడికాయకు మంచివి. అరకు ప్రాంతపు కాఫీతోటలకు మరియు మంచివి, ఏలయనగా ఆ జల్లు తగిలిన కొలదిదినములకు కాఫీమొక్క తెల్లని పూతతో నిండును. కాని శిఖరముమీదనున్న పిల్లవానికి అవి మంచివి కావు. పిడుగు ఎత్తైన చోటును వెదకును.

ఇచ్చట భౌతికశాస్త్ర పాఠము పనికివచ్చును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. అనగా కిలోమీటరుకు మూడు సెకనులు. మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు లెక్కించి, మూడుచేత భాగించినచో పిడుగు ఎంతదూరముననున్నదో తెలియును. లెక్క ముప్పదికి తక్కువైనచో శిఖరమును, ఒంటిచెట్టును విడిచి దిగిపోవలెను. కడపటి ఉరుము వినిన తరువాత అరగంట గడువనిదే మరల ఎక్కరాదు.

పెద్దల అనుభవము

ఈ అయిదుగురు సాక్షులను మనకంటె ముందే కనిపెట్టిన వారు కలరు. తిరుమల కొండలలోని రామకృష్ణతీర్థము, కుమారధార, తుంబురుతీర్థములకు నడచిపోవు ముక్కోటి దినములు వరుసగా మకర, కుంభ, మీన మాసముల పున్నములకు వచ్చును. అనగా జనవరి నడుమనుండి ఏప్రిలు నడుమవరకు గల మూడు పున్నములు. నల్లమల అడవిలో వెంకటాపురమునుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలనులమీదుగా శ్రీశైలమునకు జనులు నడచునది శివరాత్రికి. ఈ దినములు ఏర్పడుటకు మతసంబంధమైన కారణములున్నను, నడచువాని కన్నులతో చూచినప్పుడు వీనిలో చాలవరకు చలి తగ్గి, ఎండ ముదరక, ఊట ఇంకని దినములే యగుట గమనింపదగినది. పున్నమినాడు సూర్యుడు అస్తమించు వేళకు చంద్రుడు ఉదయించును. దారిలో ఆలస్యమైనవానికి రాత్రియంతయు దీపము కలదు. తరువాత ప్రతిదినము చంద్రోదయము సుమారు యేబది నిమిషములు ఆలస్యమగును. కావున పున్నమికి ఒకటి రెండు దినములు ముందుగా పోవుట, వెనుకగా పోవుటకంటె మేలు.

ఈ నియమమునకు వ్యతిరేకముగా కనబడు జాతరయు కలదు. నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల లోయలోని సలేశ్వరమునకు జనులు చైత్ర పౌర్ణమికి పోవుదురు. అది వేసవి గదా? నిజమే. కాని అచ్చట వారు ఎక్కునది శిఖరము కాదు, దిగునది లోయ. ఆ లోయ అడుగున వేసవియందును జలపాతము పడుచునే యుండును. నీరున్నచోట తలుపు కొంచెమాలస్యముగా మూసికొనును. ఇది నియమమును త్రోసివేయుట కాదు, దృఢపరచుట.

నిర్ణయము

పైన చెప్పిన దానినంతయు కలిపి చూచినచో నిర్ణయము ఇట్లుండును.

రాయలసీమ కొండలు, నల్లమల, పల్నాటి కొండలు మొదలగు పొడికొండలకు వసంతపంచమినుండి శివరాత్రివరకు తగిన కాలము. ఆ సంవత్సరము తిథులు ఆలస్యముగా వచ్చినచో ఫిబ్రవరి నడిమి దాటకుండ పోయి రావలెను.

అనంతగిరి, అరకు మొదలగు ఉత్తరపు కొండలు ఎత్తైనవి, తేమగలవి. వాటికి శివరాత్రినుండి ఫాల్గుణ పౌర్ణమివరకు, అనగా సుమారు మార్చి మొదటి పక్షమువరకు పోవచ్చును. అచ్చటను గడ్డి ఎండిన ఏటవాలులను విడిచి, చెట్లున్న బాటనే పట్టవలెను.

హిమాలయములకు పోవు భాగ్యము కలిగినవారు దిగువకొండలకు మార్చి చివరనుండి ఏప్రిలువరకు, ఎత్తైన కనుమలకు మే జూనులవరకు ఆగవలెను. పరీక్షలైన తరువాతనే పోవలెనను వారికి ఆ కొండలే అనుకూలము.

"ఫిబ్రవరిలో చదువు చెడును గదా" యని తల్లిదండ్రు లడుగుదురు. పదవతరగతి విద్యార్థుల విషయమున ఈ ప్రశ్న న్యాయమైనదే. వారిని ఆ సంవత్సరము నవంబరులోనో డిసెంబరులోనో తీసికొనిపోవుట మంచిది. తక్కిన తరగతులవారికి ఫిబ్రవరిలో ఒక్క శనివారము చాలును. ఒక్కదినపు పాఠము తప్పినను తీర్చవచ్చును. ఎండదెబ్బ, కార్చిచ్చు చేసిన నష్టమును తీర్చుట ఎవరి తరము?

దినము నిశ్చయించిన తరువాతకూడ ఒక పని మిగిలియున్నది. యాత్రకు వారము ముందు ఉపాధ్యాయుడు స్వయముగా పోయి, కొండక్రింది పల్లెలో పెద్దవారిని నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఊట పారుచున్నదా? గడ్డి ఎండినదా? ఎచ్చటనైన పొగ కనబడినదా? ఏ మృగము తిరుగుచున్నది? కొండక్రింద పుట్టి పెరిగినవారి జవాబు పుస్తకముకంటె ప్రమాణము. నాలుగింటిలో ఒక్కటి ప్రతికూలమైనను యాత్రను మానుకొనవలెను. అటవీశాఖ అనుమతి తప్పక పొందవలెను. నల్లమలలో చాలభాగము పులుల సంరక్షణస్థలము; అనుమతిలేక అడుగుపెట్టుట నేరము, అపాయము. తమిళనాడులో అటవీశాఖవారు నిప్పుకాలమున కొండబాటలను మూయుచున్నారు. బాట మూసియున్నదన్నచో అది మన సంతోషమును చెడగొట్టుటకు కాదు, మనలను ఇంటికి క్షేమముగా పంపుటకని పిల్లలకు బోధింపవలెను.

దినములోని వేళనుకూడ నిర్ణయించుకొనవలెను. వెలుతురు వచ్చిన వెంటనే బయలుదేరి, పదిగంటలకు పైకి చేరి, మధ్యాహ్నమునకు దిగి నీడను చేరునట్లు చూచుకొనవలెను. పదిగంటలకు ఎచ్చటనున్నను అచ్చటనుండి వెనుకకు మరలవలెను. శిఖరము నూరు గజముల దూరముననున్నను సరియే. ఈ నియమమును ముందుగా చెప్పి, పిల్లలచే ఒప్పించినచో, ఆ వేళకు వాదము పుట్టదు.

విద్యార్థులారా, కొండ ఎక్కడికిని పోదు. ఈ సంవత్సరము తలుపు మూసియుండినచో వచ్చు మాఘమున మరల తెరచుకొనును. అంతవరకు మీ ఊరి ప్రక్కనున్న గుట్టనే నెలనెలకు చూచుచు, ఏ చెట్టు ఏ తేదీన ఆకు రాల్చినదో, ఏది ఎప్పుడు పూచినదో, ఏ గుంట ఎప్పుడు ఎండినదో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. మూడు సంవత్సరము లట్లు వ్రాసినవానికి ఎప్పుడు కొండకు పోవలెనని మరియొకని నడుగవలసిన పని యుండదు. పైగా, వాని పుస్తకమును చూచి మేమే దినము నిర్ణయింతుము.